ఇంకెంత

మౌలాలి గుట్ట
ఆదివారం పొద్దున తిరునాళ్ళలా ఉంటుంది.
చెవుల్లో పాటలు పెట్టుకున్నోళ్ళు,
చేతుల్లో చెప్పులు పట్టుకున్నోళ్ళు,
మొక్కున్నోళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు,
ఒకే మెట్టు మీద ఒకరికొకరు దారిస్తూ.

పదకొండేళ్ళు
లోకో షెడ్డు కిటికీలోంచి ఈ బండను చూశాను.
చూడడమంటే,
టీ చల్లారేదాకా కళ్ళు పెట్టుకునేందుకు ఒక చోటు, అంతే.
"రోజూ చూస్తవ్, ఒక్కసారన్నా ఎక్కినవా?"
అని నిన్న రెచ్చగొట్టింది గ్లోరీ.
ఇవ్వాళ తనే రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

మొదటి వంద మెట్లు నేను గొప్పలు మాట్లాడుకున్నాను.
తర్వాత ఊపిరి మాట్లాడింది.
ఆ తర్వాత ఒక్క పిక్కలే.

దిగేవాళ్ళను అడిగాను, ఇంకెంత?
"అయిపోయిందమ్మా, ఆ మలుపే."
మలుపు తిరిగితే
మళ్ళీ ఆకాశందాకా సున్నం పూసిన మెట్లు.
"గిదిగో, పది, పదిహేను."
"బస్, థోడా హై బేటీ" అంది
నఖాబు పైకెత్తి ఓ ముసలమ్మ,
నా అరచేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి.
దిగేవాళ్ళందరూ అబద్ధమే చెప్తారు,
దయతో.

సీతాఫలం పొద పక్కన కూలబడ్డాను.
బండ ఇంకా రాత్రి చలిని దాచుకుని ఉంది,
దాన్ని మెల్లగా నా వెన్నుకు అంటగట్టింది.

అప్పుడు సీసాలు గలగలమన్నాయి.
తల మీద సోడాల క్రేటు,
అప్పుడప్పుడే మొలుస్తున్న మీసం.
ఇంకెంత బాబూ?
ఆగలేదు. తల తిప్పితే సోడాలు పడతాయి.
"నూట డెబ్బై మూడు" అన్నాడు.
రెండడుగులేసి,
"నూట డెబ్బై ఒకటి."

మోసేవాడికి లెక్క తప్పదు.

ఆ అంకె కొసను పట్టుకుని లేచాను.
జీతంలో కోతల్లా
ఒక్కొక్కటే తీసేసుకుంటూ ఎక్కాను.
నలభై దగ్గర మేక అడ్డమొచ్చి లెక్క చెదిరింది.
మిగిలినవి ఎన్నో తెలీకుండానే
అయిపోయాయి.

పైన, గాలి.
గాలికి రెపరెపలాడే పచ్చ గుడ్డ.
కింద పట్టాలు విప్పిన జడపాయల్లా,
మధ్యలో మా షెడ్డు, ఎవరో పడేసిన అగ్గిపెట్టె.
నా కిటికీ కోసం చాలాసేపు వెతికాను.
దొరకలేదు.
ఇంకో సంగతి:
పైన నిలబడితే గుట్టే కనపడదు.

దిగుతుంటే, సగం దారిలో
చొక్కా గుండీలు విప్పుకుని ఒకాయన
గోడ పట్టుకుని ఉన్నాడు.
నోరు తెరవలేక, వేలు పైకి చూపించాడు.
"ఆ మలుపే" అనబోయాను.
నాలుక చివరిదాకా వచ్చింది, తీపిగానే ఉంది.
ఖర్జూరం గింజ ఇంకా బుగ్గలోనే ఉంది మరి.

కింది నుంచి మళ్ళీ గలగల.
రెండో క్రేటు. లేదా మూడోది.
"నేను లెక్కపెట్టలేదన్నా" అన్నాను,
"అడుగో, వాడొస్తున్నాడు.
వాణ్ణడుగు."