ఐసు పనోడి సెలవు

ఊరందరికీ ఎండాకాలం సెలవులు.
నాకు ఎండాకాలం ఊపిరి తీసుకోను తీరదు.
మార్చి మొదలైతే చాలు
మైదుకూరు రోడ్డులో మా ఐసు ఫ్యాక్టరీ ముందర
నన్నారి బండ్లోల్లు, చేపలోల్లు, పెండ్లి వంటలోల్లు
తెల్లారకముందే గోనెపట్టాలు పట్టుకోని నిలబడతారు.
సావింటోల్లను మాత్రం వరసలో నిలబెట్టను.
వాళ్ళకు ముందు దిమ్మె తీసిస్తా,
ఊక దులిపి, లెక్క రాయకుండా.

ఇరవయ్యారేండ్లు.
ఉప్పునీళ్ళ తొట్టిలోకి డబ్బాలు దించేది,
అమ్మోనియా వాసనకు కండ్లు తుడుచుకునేది,
కొక్కెంతో దిమ్మెను లాగి
రంపంతో ఒక్క గీత గీసి రెండు చేసేది.
తిరనాళ్ళలో చెయ్యి చూసి జోస్యం చెప్పేటోడు
నా దుడ్డు నాకే ఇచ్చేసినాడు,
అరిచేతిలో గీతలు కనపడక.

డిసెంబరులో తొట్టి నిద్రపోతాది.
అప్పుడే నాకు పదిరోజులు.
ఈసారి చీటీ మా హుస్సేనమ్మ పాడుకునింది.
"చల్లని తావుకు పోదాం" అనింది.
నవ్వినా. "చల్లదనం నాకు కొత్తనా ఏంది?"
"అది నువ్వు చేసేది.
ఎవరూ చేయంది చూద్దాం."

అక్క కొడుకు గౌస్‌పీరా ఫోను తెచ్చి
గుల్మార్గ్, సోలాంగ్, ఔలీ అని
మూడు కొండల్ని మా నులకమంచం మీద పరిచినాడు.
ఒకచోట తీగకు వేలాడే పెట్టెల్లో పైకి పోవచ్చంట.
ఒకచోట కోటు అద్దె, బూట్లు అద్దె,
వేన్నీళ్ళకు మళ్ళీ వేరే.
కాళ్ళకు పొడుగు చెక్కలు కట్టి
జారేది నేర్పిస్తారంట యాడికి పోయినా.

నేనడిగేవి వేరే:
దిమ్మె గట్టిగుంటాదా, పిండి మాదిరా?
ఎండ తగిలితే ఎంతసేపు నిలుస్తాది?
కింద ఊక ఎవరు పరుస్తారు?
కరెంటు పోతే ఎట్ట?

"మామా, దానికి మోటరు లేదు."

మోటరు లేని ఐసు.
ఆ మాట రాత్రంతా
అన్నంలో రాయి మాదిరి పంటికి తగుల్తానే ఉండింది.

మా జేజినాయన దూది ఏకేటోడు.
వింటి నారి మోగితే ఇల్లంతా తెల్లగా లేచేది,
ఆయన కనురెప్పల మీద, సంగటి తట్ట మీద,
మూలన పండుకున్న మేక వీపు మీద.
ఫోనులో మంచు పడేది చూస్తే
నాకు చలి తోచలేదు.
ఆ నారి మోత ఇనపడింది.

బిల్లుబుక్కు ఎనకపక్క లెక్కలేసినా.
ఎర్రగుంట్లలో ఎక్కితే యాడ దిగాల,
యాడ మారాల, చపాతీ ఎంత, రూము ఎంత.
సోలాంగ్ గెలిచింది,
మూడువేల రెండొందలు తక్కువ.

హుస్సేనమ్మ బిల్లుబుక్కు వంక చూళ్ళేదు.
ఫోటోలు జరుపుతా కూర్చోనింది.
అందరూ నిటారుగా నిలబడినోల్లే,
నల్లద్దాలు, ఎర్రకోట్లు.
ఔలీ దాంట్లో మాత్రం ఒకామె,
మా వయసే ఉంటాది,
ఒక చెక్క ఆడ, ఒక చెక్క ఈడ,
బొక్కబోర్లా పడి, మూతి నిండా మంచు,
నవ్వుతాండాది.

"పడినోల్లను దాచిపెట్టని ఊరు ఇదొక్కటే" అనింది.
"ఈడికే."

ఆదివారం పెన్న ఇసకలోకి పోయినాం.
పాత ఐసుపెట్టె పలకలు నాలుగు,
సైకిలు ట్యూబు ముక్కలతో కాళ్ళకు బిగించినాం.
దిబ్బ మీద నుంచి ఆమే ముందు దిగింది.
నాలుగు మూరలు పోయి కూలబడింది.
గొర్రెల పిల్లోడు ఈల వేసినాడు.

నేను పైనే నిలబడినా.
తడి గచ్చు మీద, చేతిలో కొక్కెం,
ఎనక నూటయాభై కిలోల దిమ్మె,
ఇరవయ్యారేండ్లుగా కాళ్ళకు ఒకటే మాట చెప్పుకున్నా:
జారొద్దు.
ఓబులేసు జారినాడు ఒకనాడు.
ఇప్పుడు గేటుకాడ కుర్చీలో కూర్చోని
టోకెన్లు ఇస్తాండాడు.

జారేదానికి దుడ్డు కట్టి పోతాండామని
ఆయనకు ఇంకా చెప్పలేదు.

"రా" అంటాంది కింద నుంచి
నోట్లో ఇసక ఉమ్మేసి.
చెక్కలు అడ్డం పెట్టాలనో నిలువు పెట్టాలనో
గౌస్ చెప్పింది మరిచిపోయినా.
మోకాళ్ళు కొంచెం వంచి
వదిలేసినా.