పుట తప్పిన రాత్రి

బెర్గెన్‌లో మూడో రోజు వాన.
హెరింగ్ చేపల లెక్క ఇంకా తేలలేదు.
రాగ్న్‌ఫ్రిడ్ డిస్కుకు చెవి ఆనించింది:
కట కట కట,
ఎండు రొట్టె కొరికే ఎలుక.

ఎంత చోటడిగితే అంత ఇస్తానంది యంత్రం.
లేని పొలానికి పట్టా!
ఉన్నవి నాలుగు మళ్ళు.
ఒక పుట లోపలికొస్తే
ఇంకోటి గెంటబడుతుంది,
గెంటిందే మరుక్షణం మళ్ళీ కావాలి.
ప్రాసెసర్ మాత్రం
చేతులు కట్టుకు కూర్చుంది.

కోడ్ తెరిచి చూసింది.
తప్పు లెక్కలో లేదు, నడకలో ఉంది.
అడ్డవరసల్లో పేర్చిన సముద్రాన్ని
నిలువునా చదువుతోంది.
రెండు లూపులు అటుదిటు చేసింది.

కాఫీ చల్లారకముందే జవాబు.
కొత్త మెమరీకి ఆర్డరు కాగితంతో
టోర్‌గేర్ గుమ్మంలో నిలబడ్డాడు.
"సంతకం?"
"వద్దులే.
పక్కనున్నదాన్ని ముందు పలకరించమన్నాను,
అంతే."