గడియ

మార్కాపురంలో ఇవాళ మూడోసారి కరెంటు పోయింది.
పొద్దుట్నుంచీ తెరమీద కూడబెట్టిన అంకెలన్నీ
తడిగుడ్డతో తుడిచినట్టు పోయాయి.

చీకట్లో గోడ తడిమాను.
స్విచ్చి మాత్రం వేసింది వేసినట్టే ఉంది, కిందికి వంగి.
కరెంటు పోయిందని దానికెవరూ చెప్పినట్టు లేదు.

అదే నేను చేస్తున్నది, మీరాంబీ,
"అద్దాలగదిలో ఏం చేస్తుంటావమ్మా" అని
ఊడుస్తూ ఊడుస్తూ అడుగుతావే, అదే:
స్విచ్చి.
కాకపోతే నీ తలవెంట్రుకని నిలువునా వెయ్యి పాయలు చీలిస్తే
అందులో ఒక పాయంత.
ఒక కొస పాతేసి ఉంటుంది, ఒక కొస గాల్లో.
కాస్త వోల్టేజి చూపిస్తే
వంగి అవతలి గట్టుని అంటుకుంటుంది.
అంటుకున్నాక ఎవరూ పట్టుకోనక్కర్లేదు.
వంగితే ఒకటి, లేస్తే సున్నా.
కరెంటు రానీ, పోనీ,
వేసిన గడియ వేసినట్టే.

మీరాంబీ నవ్వింది.
పలకల మిల్లులో ఇరవయ్యారేళ్లు చేసిన చేతులు,
గోళ్లసందుల్లో ఆ బూడిదరంగు ఇంకా వదల్లేదు.
"మా పలక కరెంటు ఎప్పుడడిగింది?"

అడగలేదు.

కానీ ఒకటి చెప్పలేదు నీకు.
నిన్న పదకొండువేల నాలుగొందల సార్లు
వంగి లేచిన మీట
ఆ తర్వాతిసారి లేవలేదు.
వోల్టేజి పెంచాను. బతిమాలాను.
ఎవరూ లేరు కదాని తిట్టాను కూడా.
మైక్రోస్కోపులో చూస్తే
బడికి పోనని వాకిలి కరుచుకున్న పిల్లాడిలా
అక్కడే.

ఈసారి మీరాంబీ నవ్వలేదు.
గనిలో కొన్ని రాళ్లుంటాయంది.
పొరలు చక్కగా విడతాయి, నునుపూ తేల్తాయి,
బలపం గీత ఒక్కటి పడిందా
ఉమ్మేసి రుద్దినా పోదు.
వాటికి చెక్క కట్టరు. ప్రహరీగోడల్లో వేసేస్తారు.
"రాసుకోడానికైతే గోడ చాలదా అమ్మా?
పలక కొనేది చెరుపుకోడానికి."

గడియసేపటికి కరెంటొచ్చింది.
ఫ్యాను మూలిగింది. తెర ఖాళీగా వెలిగింది.
మళ్లీ పోతుందేమోనని
కిటికీగట్టు మీద పేరుకున్న పలకల దుమ్ములో
వేలితో రాసుకున్నాను:
ఎడం, ఇంకో అయిదు నానోమీటర్లు.

మీరాంబీ గుడ్డ తడిపి తెచ్చింది.
చదవడం రాదు తనకి.
అయినా ఆ అక్షరాలని వదిలి
చుట్టూ తుడిచింది.