పలుకు

ఇబ్రీల మా రూముకు గ్యాసు బండలు నెలకు రెండు.
ఆరుగురం, ఒక్క పొయ్యి.
శుక్రవారం పొద్దుగాల లింబాద్రి
స్క్రాపు షాపుల తెచ్చిన కొక్కెం కాంటాకు
బండను ఏలాడదీస్తడు.
మెడ మీద చెక్కిన అంకె ఖాళీ బండది.
ముల్లు చూపిందాంట్లకెల్లి అది తీసేస్తే
మిగిలిందే మా కూర, మా చాయ.
"ఖాళీదే ఇంత బరువుంటదేందిరా" అంటడు ప్రతిసారి,
మొదటిసారి చూసినట్టు.

మా పని సోలార్ అద్దాలు తుడుసుడు.
ఎడారిల ఎన్నున్నయో నేనైతే లెక్కపెట్టలే.
రాత్రి దిగుతం, తెల్లారంగ బస్సెక్కుతం.
దుమ్ము మీద చెయ్యి పెడితే సన్నపిండి.
నీళ్లియ్యరు, పొడి బ్రష్షులే.
సూర్యునిది పగటి డ్యూటీ, మాది రాత్రి డ్యూటీ,
ఒకే కంపెనీల ఉండి ఒకరి మొఖం ఒకరం చూడం.
మమ్మల్ని దింపే బస్సు డీజిల్‌ది.
క్యాంపు వెనుక జనరేటరు డీజిల్‌ది,
అది దగ్గితే మా కిటికీ వణుకుతది.
మేం తుడిచిన కరెంటు
నెత్తి మీది పెద్ద తీగలల్ల మస్కట్ దిక్కు పోతది.

పోయిన నెల క్యాంపు బాసు చీటి అంటించిండు:
బండలు బందు, ఇగ కరెంటు పొయ్యిలే.
ఆ రాత్రి బస్సుల అదే పంచాది.
భూమన్నది ఒకటే మాట:
జొన్నరొట్టె మంట మీదనే పొంగుతది,
కాయిల్ మీద ఏస్తే అట్టముక్క.
జోజి అన్నడు: పక్క క్యాంపుల పైపు అంటుకున్నది,
ఆ పిలగాని చేతులు మర్చిపోయిండ్రా?
నేనడిగిన: ఆ కరెంటు యాడికెల్లి వస్తది?
వెనుక జనరేటరుకెల్లే.
"పెనం మీదికెల్లి పొయ్యిల పడుడంటే గిదే."
"పొయ్యే తీసేస్తున్నరు గదా, యాడ పడతవ్?"
బస్సంత నవ్వింది.
షఫీకుల్ నవ్వలే. వాళ్ల ఊరి ఏరు ఉప్పగైందంట.
ఏ పొయ్యి మంచిదని అడిగితే
"మా మడి మీద ఉప్పు తేలనియ్యంది" అన్నడు,
కిటికీకి తల ఆనించి కండ్లు మూసుకున్నడు.

నాకు ఆర్మూరు బస్టాండు పక్కన
మా మేనమామ హోటలు యాదికొచ్చింది.
ఊక పొయ్యి.
డబ్బా నడుమ సీసా నిలబెట్టి
చుట్టూ ఊక కూరి కూరి, సీసా మెల్లగ లాగాలె.
కూలకుంటే ఆ తొర్రల మంట పొద్దంత నిలుస్తది.
మిల్లోడు పారేసిందే, పైస ఖర్చు లేదని
మామ వచ్చిపోయేటోళ్లకు చెప్పేటోడు.
పక్కన మా అత్త కొంగుతోని కండ్లొత్తుకునేది.

లింబాద్రి అద్దాలొచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చిండు.
లోపల బిర్యానీ పొట్లాల వెండి కాయితం,
పైన కిటికీ పలక, నడుమ నల్లరంగు పూసిన గిన్నె.
డ్యూటీ దిగంగనే బియ్యం కడిగి పోసి
మిద్దె మీద తూర్పు మొఖాన పెట్టిండు.
పొద్దు జరిగినకొద్దీ పెట్టె తిప్పాలె, గంటకోసారి.
గంటకోసారి లేస్తే నిద్రేది?
గ్యాసుకు పైసలు కావాలె, దీనికి కునుకు కావాలె,
మాతాన రెండూ తక్కువే.
ఆ కాంటాకు కునుకును ఎట్ల తగిలిస్తం?
లేచేది లేదని అందరం తేల్చుకొని పండుకున్నం.

ఒంటిగంటకు ఎక్కి చూస్తే
పెట్టె నోరు పొద్దు దిక్కే ఉన్నది.
కింద ఇటుక ముక్క ఆనించి ఉన్నది, పొద్దుగాల లేనిది.
ఎవరు తిప్పిండ్రంటే ఎవ్వరూ నేనన్లే.
"నాకేం పని, నాది గ్యాసు పార్టీ" అన్నడు భూమన్న.
ఆయన అరికాళ్లకు మిద్దె మీది తెల్లసున్నం.

మూత తీస్తే ఆవిరి మొఖానికి కొట్టింది.
మెతుకు నలిపి చూసిన.
ఇంకొక్క పలుకున్నది.
తినచ్చు.
షఫీకుల్ ప్లేట్లు పరిచిండు.
లింబాద్రి మాత్రం కూసోలే,
చెయ్యి కూడ కడుక్కోకుంట కిందికి ఉరికిండు
కాంటా ముల్లు చూడనీకి,
ఇయ్యాల ఎన్ని గ్రాములు తగ్గలేదో.