లేచి చెప్పని సాక్ష్యం

డిసెంబరు ముప్పై ఒకటి. రాత్రి పదకొండు దాటింది.
నీవా ఏటి మీంచి చలి
చర్చి కిటికీకి కట్టిన గోనెపట్టలోనించి దూరి వస్తా ఉండాది.
"ఈ ఏడు దేవుడు చేసిన మేలు
లేచి చెప్పండమ్మా" అంటా ఉండాడు ఇమ్మానుయేలు అయ్యగారు.
మైకు మధ్యమధ్యలో గురక పెడతా ఉండాది.

ఏలియా లేచినాడు. ఎనిమిదొందల అడుగుల కాడ బోరులో తడి తగిలిందంట.
సువార్తమ్మ లేచింది. కోడలు నీళ్లోసుకునిందంట.
పాల సొసైటీ తిమోతి, తప్పిపోయిన ఆవు దొరికిన కత
ఆవు నడిచినంత నిదానంగా చెప్పినాడు.
అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నా.
లేచేదానికి మాత్రం లేయలా.

చెప్పేదానికి లేక కాదు నాయనా.
నీకు తెలుసు.

జూన్ నెలంతా గుజ్జు ఫ్యాక్టరీలో
బెంగళూరా కాయలు కోసిన చేతులివి.
సొన తగిలి తోలు లేచిపోయినా
పది వేళ్లూ పదిగానే ఇంటికి తెచ్చుకున్నా.
రాత్రి షిఫ్టులో కునుకు పడితే
పక్కనుండే ఖైరున్నీసా మోచేత్తో పొడిచి లేపేది.
ఆ మోచెయ్యి నీదే అనుకుంటా.
నవంబరు వానకి వంటింటి గోడ
బయటికి పడింది, లోపలికి పడలా.
లోపల నేను సంగటి కెలకతా ఉండా.
ఇప్పుడక్కడ టార్పాలిను పట్ట,
చినిగిన కాడినించి పొద్దున్నే ఎండ నేరుగా పొయ్యి మీద పడతాది.
అదీ మేలే అనుకో.

ఇవి చెప్పి కూర్చోవచ్చు.
పెద్దది ఒకటి గొంతులో ఉండాది,
దాన్నే మింగతా ఉండా.

సెప్టెంబరు. చిత్తూరు పెద్దాసుపత్రి. డెంగీ వార్డు.
పద్నాలుగో మంచం నా కొడుకు,
పదిహేనో మంచం కరుణమ్మ కొడుకు.
ఒకే బొప్పాయాకు రసం ఇద్దరికీ పంచి తాపినాం.
ఒకే చాప మీద వంతులేసుకోని పండుకున్నాం.
నీ పేరే ఇద్దరం పిలిచినాం.
నా వాడికి ప్లేట్లెట్లు ఎక్కినాయి.
ఆమె వాడికి ఎక్కలా.
ఎందుకని నేను అడగలా.
అడిగితే నువ్వు చెప్పేస్తావేమోనని భయం.

ఆ కరుణమ్మ ఇప్పుడు
మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చోనుండాది.
ఎట్ల లేచేది? ఏ నోటితో అనేది,
నా బిడ్డని నిలబెట్టినావని?
ఆ మాట పోయి ఆమెకి యాడ తగలతాదో.

పన్నెండుకి పది నిమిషాలుండాది.
"లెయ్ మే" అనింది కరుణమ్మ.
నేను కదల్లా.
తొడ మీద గిచ్చింది.
"నువ్వు చెప్పకుంటే నేను చెప్తా" అని
తనే లేచింది. చెంగు తలమీదికి లాక్కునింది.
"రాజారత్నం బతికినాడు. దేవునికి స్తోత్రం."
అంతే. కూర్చునింది.

చర్చిలో ఎవురూ స్తోత్రం అనలా.
మైకు గూడా ఊరుకునింది.
వెనక వరసలో నా కొడుకు తల దించుకోని
చొక్కా గుండీ తిప్పుకుంటా ఉండాడు.

నాయనా,
బోరుకీ ఆవుకీ నీకు చెప్పే మాటలు మాకు వచ్చు.
దీనికి ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు.

గంట కొట్టినారు. కొత్త ఏడు.
బయట మంచులో ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకోని నడిచినాం.
"రేపు పితికిపప్పు చేస్తా" అన్నా,
"అనపకాయలు నానేసినా.
వాడి చేత ఒక గిన్నె పంపిస్తా."

కరుణమ్మ కొంచెం దూరం ఏమీ అనలా.
తర్వాత,
"గిన్నె లేకున్నా ఏం లేదు" అనింది,
"వాణ్ణి పంపు."