ఆరో కౌంటర్

రూపాయి పడిన రోజు మా హాలు నిండుతుంది.
అక్కడ టీవీలో ఎవరో తల పట్టుకుంటారు.
ఇక్కడ, కువైట్ జలీబ్‌లో, ఎక్స్ఛేంజి మెట్ల మీద
సిమెంటు బూట్లవాళ్ళు, వంటిళ్ళవాళ్ళు
బోర్డు మీది అంకె చూసి
ఒకరికొకరు టీ ఇప్పించుకుంటారు.

మూల్యహీనీకరణ: కారణాలు, ఫలితాలు.
ఇరవై మార్కుల ప్రశ్న. హనుమకొండలో
అడిషనల్ షీటు అడిగి మరీ రాశాను.
ఫలితాల్లో ఈ క్యూ రాయలేదు.
రాసుంటే మార్కులు వేసేవారో లేదో.

నా ఎమ్మే పట్టా వెనక నాలుగు ముద్రలు,
ఒక్కో ముద్రకీ ఒక్కో ఆఫీసు, ఒక్కో రేటు.
చివరికి మేనేజరు అడిగింది ఒకటే:
నోట్లు వేగంగా లెక్కపెడతావా?

శుక్రవారం, నమాజు అయ్యాక
దస్తగిరమ్మ వచ్చింది. చిన్నమండెం మనిషి,
సల్వాలో ఎవరింట్లోనో వంట.
చేతిరుమాలు విప్పి
నెల జీతం, వంద దినార్లు, గాజు కిందికి తోసింది.
"మూడ్రోజులాగితే ముప్పై పైసలు పెరగొచ్చమ్మా" అన్నాను.

ఆమె బోర్డు వైపు చూడలేదు,
వేలి కణుపుల వైపు చూసింది.
"వందకు ముప్పై రూపాయలొస్తాది.
ఊర్లో అప్పు నూటికి రెండు.
ఇరవై ఏడు వేలకు రోజుకు పద్దెనిమిది,
మూడ్రోజులకు యాభై నాలుగు.
పంపిచ్చెయ్ నాయనా."

నా కాలిక్యులేటర్ ఇంకా సున్నా దగ్గరే ఉంది.

"మా రేష్మ ఎకనామిక్స్ తీసుకుంటానంటాంది.
అందరూ నర్సింగే అంటాండారు.
అది చదివితే ఏం పని దొరుకుతాది?
నువ్వేం చదివినావు?"

వెనక ఇరవై మంది. టోకెన్ యంత్రం అరుస్తోంది.
చెప్పడానికి ఉన్నాయి: బ్యాంకు, బీమా, గణాంక శాఖ,
కాలేజీలో పాఠం, గ్రూప్స్ పరీక్ష.
మా బ్యాచి జలజాక్షి ఢిల్లీలో ధరల సూచీ కడుతోంది,
ఉల్లిగడ్డ ఎంత మండుతోందో దేశానికి చెప్పే ఉద్యోగం.
యాదయ్య ఏడేళ్ళు నోటిఫికేషన్ కోసం చూసి
విత్తనాల కొట్టు పెట్టాడు.
నేను ఈ గాజు వెనక.
ముగ్గురిదీ ఒకటే సిలబస్.

"అన్నం పెడతాదమ్మా," ఆమె యాసలోకి జారిపోయాను,
"తొందరగా పెట్టదు.
ఇప్పుడు నువ్వేసిన లెక్కుంది చూడు,
దానికి పుస్తకంలో పేరుంది. అవకాశ వ్యయం."

"పేరు చెప్తే జీతమిస్తారా?"

"కొంతమందికి."

నవ్వలేదు. గాజు కింద చెయ్యి పెట్టి
పది దినార్ల నోటు ఒకటి వెనక్కి లాక్కుంది,
కాసేపు పట్టుకుని, మళ్ళీ తోసింది.
"తొంభై అప్పుకు. ఈ పది బిడ్డ పేరున. పుస్తకాలకు."

రెండు రసీదులైతే రెండు కమీషన్లని చెప్పాను.

"తెలుసు. ఆ పదికి నెల వడ్డీ కూడా తెలుసు,
యాభై నాలుగు. కట్టుకుంటాలే."

పంపే కారణం అన్న గడిలో
యంత్రం తనంతట తానే కుటుంబ ఖర్చు అని వేస్తుంది.
చెరిపేశాను.
జాబితాలో చదువు చాలా కిందికి ఉంది.
వెతుకుతుంటే వెనక నుంచి ఎవరో అరిచారు,
రేటు మారుతోందని.