పన్నెండు నెలల నివాసం

మొదటిసారి వెళ్ళినప్పుడు
లోవయ్య తాతని ఎవరూ అక్షరం అడగలేదు.
పళ్ళు చూశారు. అరచేతి కాయలు చూశారు.
ఎడమ చెవి కింద గాటు కాగితానికెక్కింది,
తండ్రి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా.
చెన్నపట్నం డిపోలో మెడకి రేకుబిళ్ళ కట్టి
నాటాలు చెరకుతోటలకి అయిదేళ్ళ ఒప్పందం.

అయిదేళ్ళూ నరికాడు.
ఉండిపోతానంటే ఏటా మూడు పౌన్లు కట్టమన్నారట.
ఊపిరికి కూడా పన్నా అని వచ్చేశాడు.

వచ్చేసరికి కోరంగిలో రేవు లేదు.
ఒండ్రు మేటేసి ఓడల దారి పూడిపోయింది.
నావలు చెక్కిన ఉలి మొలలో దోపుకుని
నాలుగు నెలలు ఊరికే తిరిగి,
చెల్లెలు నూకాలు కాసులపేరు తాకట్టు పెట్టి
సొంత టిక్కెట్టుతో మళ్ళీ ఓడెక్కాడు.
ఈసారి కూలీగా కాదు.

అదే తప్పయింది.

డర్బను రేవులో దొర ఓడమీదికే వచ్చి
బల్లమీద కాగితం పెట్టి రాయమన్నాడట.
ఏ భాషైనా సరే, తెల్లవాళ్ళదైతే చాలు.
తాతకి తెలుగు వచ్చు,
తాటాకు మీద నావ కొలతలు అడుగూ అంగుళంతో రాసుకునేవాడు.
చట్టంలో రంగుమాట ఎక్కడా లేదు.
అంత మర్యాదగా రాశారు దాన్ని.

తిరుగు ఓడ.

ఆ తరవాత తాళ్ళరేవు బడిపంతులుకి
వారానికో పండుగప్ప ఇచ్చి ఆ కాగితం నేర్చుకున్నాడు,
పాటు తీసిన బురదమీద మడపుల్లతో, ఇంగ్లీషులో:
'అయ్యా, నా పూర్తి పేరు ఇది.
గడిచిన పన్నెండు నెలలూ నా నివాసం...'
అక్కడికొచ్చేసరికి పోటు వచ్చేసేది.

చూసినవాళ్ళు గంగమ్మ మంత్రమనుకున్నారు.
ఒకాయన తన నావ అణియం మీద చెక్కించుకున్నాడు,
ఆ ఏడు చేప బాగా పడిందట.

తాత మళ్ళీ వెళ్ళలేదు. డబ్బు లేక, అంటుంది అమ్మ.
నాకు తెలీదు.

అమ్మ ఇప్పటికీ పీతలు పడుతుంది.
మొన్న రేషను కొట్లో మిషను ఆవిడ వేలిని మూడుసార్లు కాదంది.
పీత డెక్కలకీ ఉప్పుకీ గీతలు అరిగిపోయాయి.
కుర్రాడు మంచివాడే. 'ఏం చెయ్యను పిన్నీ, రూలు' అన్నాడు.
వేలు చీరకి తుడుచుకుని నాలుగోసారి పెట్టింది.

ఆ అణియం పలక ఎలాగో మా దొడ్లోకి చేరింది.
దానిమీదే చేపలు తోముకుంటాం.
అక్షరాల గాళ్ళలో పొలుసులు ఇరుక్కుంటాయి, గోటితో తియ్యాలి.
ఊరి పేరుకి వదిలిన చోటు మాత్రం
నున్నగా ఉంటుంది.